వలసకాలపు బడి స్థలాన్ని తవ్వితే, అది బడి అని ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో బ్రిటిష్ కాలం నాటి ఒక ప్రైవేటు బడి స్థలాన్ని తవ్వితే బలపం ముక్కలు దొరికాయని చదివారు. అంతమాత్రాన అది బడి అని, అక్కడి బానిస పిల్లలకు రాయడం నేర్పారని ఎలా చెబుతారు? మన వీధి బళ్ళకు ఇలాంటి తవ్వకాలు ఎందుకు జరగవు? రిచ్‌మండ్‌లో ఉన్న మీ అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారు కాబట్టి ఆ చోటు చూసిరావచ్చా?

చిన్న జవాబు ముందే చెప్పేస్తాను. దొరికిన వస్తువుల్ని బట్టి అది బడి అని ఎవరూ తేల్చలేదు, తేల్చడం సాధ్యం కూడా కాదు. పాత ఉత్తరాలు, ఇంటి చరిత్ర, ఇంటి దూలాలు ఈ మూడూ కలిసి తేల్చాయి. బలపాలు ఆ తరవాత బోనెక్కిన సాక్షులు. వాళ్ళను కాస్త గట్టిగానే ప్రశ్నించాలి.

నేను ఇదే రాష్ట్రంలో చాలాకాలంగా పురావస్తు పనిలో ఉన్నాను. ఎక్కువగా ల్యాబ్‌లో, తవ్వి తెచ్చినవాటిని కడిగి, వేరుచేసి, నమోదు చేసే పని. మీరు చెప్పిన తవ్వకంలో నేను లేను. ఆ కాలపు ఇళ్ళ మట్టిలో ఏం వస్తుందో, ఏం రాదో మాత్రం బాగా తెలుసు.

ముందు ఆ బడి సంగతి. దాన్ని విలియమ్స్‌బర్గ్ బ్రే స్కూల్ అంటారు. అప్పట్లో వర్జీనియాలో సర్కారు బడి అనేదే లేదు. డబ్బున్నవాళ్ళు ఇంటికే పంతుల్ని పిలిపించుకునేవారు. లేకపోతే ఎవరో ఒకరు తమ ఇంట్లోనే నాలుగు బెంచీలు వేసి చదువు చెప్పేవారు. ఈ బడీ అలాంటిదే, కాకపోతే ఖర్చు లండన్‌లోని ఒక ధర్మసంస్థది. థామస్ బ్రే అనే ఆంగ్లికన్ మతాచార్యుడి పేరుమీద 1724లో ఏర్పడిన ‘అసోసియేట్స్ ఆఫ్ డాక్టర్ బ్రే’ అది. అమెరికా వలసల్లోని నల్లజాతి పిల్లలకు క్రైస్తవం నేర్పించడం వాళ్ళ పని. 1758లో ఫిలడెల్ఫియాలో ఒక బడి పెట్టారు. అది నడుస్తోందని తేలాక ఇంకెక్కడ పెడితే బాగుంటుందని 1760లో, అప్పుడు లండన్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను అడిగారు. ఆయన చెప్పిన ఊళ్ళలో విలియమ్స్‌బర్గ్ ఒకటి. 1760 సెప్టెంబరు 29న అక్కడ బడి తెరిచారు.

ఇక్కడ మనకు సంబంధించిన ముక్క ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. ఈ థామస్ బ్రేనే అంతకుముందు 1698లో ఎస్‌పీసీకే అనే క్రైస్తవ ప్రచార సంఘాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో ముఖ్యుడు. తమిళ తీరంలోని ట్రాంక్వెబార్ నుంచి మద్రాసు వచ్చిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్‌కు 1728 నుంచి డబ్బు పంపింది ఆ సంఘమే. తెలుగు నేర్చుకుని వ్యాకరణం రాసి, తరవాత జర్మనీలోని హాలెలో 1746లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన షుల్జ్ ఈయనే. అంటే విలియమ్స్‌బర్గ్ బడికీ, తొలి తెలుగు అచ్చు పుస్తకాలకూ వెనక ఉన్నది ఒకే మతాచార్యుడి ఆలోచన. పుస్తకం చదివితేనే మతం తలకెక్కుతుందన్న నమ్మకం రెండుచోట్లా ఒకటే.

విలియమ్స్‌బర్గ్‌లో పంతులమ్మ ఆన్ వేజర్ అనే వితంతువు. అంతకుముందు ఒక పెద్ద భూస్వామి ఇంట్లో పిల్లలకు చదువు చెప్పిన మనిషి. 1760 నుంచి 1774లో చనిపోయేదాకా బడి మొత్తం ఆవిడ ఒక్కరే నడిపారు. ఆవిడ పోయాక బడీ మూతపడింది. ఒక్కోసారి 24 నుంచి 30 మంది పిల్లలు ఉండేవారు. మూడేళ్ళ నుంచి పదేళ్ళ వయసు. ఎక్కువమంది బానిసలు, కొద్దిమంది స్వేచ్ఛ ఉన్న కుటుంబాల వాళ్ళు. పద్నాలుగేళ్ళలో మొత్తం 300 నుంచి 400 మంది వచ్చి ఉంటారని అంచనా. పేర్లతో మిగిలిన జాబితాలు మూడే: 1762, 1765, 1769 సంవత్సరాలవి. ఆ జాబితాల్లో పిల్లవాడి పేరు, పక్కన వాడి యజమాని పేరు ఉంటాయి. మన హాజరుపట్టీలో తండ్రి పేరు రాసే చోట అక్కడ ఆసామి పేరు అన్నమాట.

బడి పెట్టినవాళ్ళ ఉద్దేశం ఉదారమేమీ కాదు. పిల్లలు బైబిలు చదవాలి, చర్చికి వెళ్ళాలి, యజమానికి అణిగిమణిగి ఉండాలి. స్థానికంగా అజమాయిషీ చూసిన రాబర్ట్ కార్టర్ నికొలస్ 1762లో రాసిన నియమాల్లో ఇదంతా సూటిగానే ఉంది. ఆడపిల్లలకు చదువుతోపాటు కుట్టుపని, అల్లిక నేర్పమన్నారు. కాస్త చదవడం రాగానే యజమానులు పిల్లల్ని పనికి తీసుకుపోతున్నారని నికొలస్ లండన్‌కు మళ్ళీమళ్ళీ మొరపెట్టుకున్నాడు. ఈ ఉత్తరాలు మిగలకపోయి ఉంటే బడి ఒకటి ఉందన్న సంగతే మనకు తెలిసేది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కిందికి పోయేకొద్దీ అవసరం పడుతుంది.

ఇప్పుడు ఇల్లు దొరికిన వైనం. ఉత్తరాల ప్రకారం బడి మొదటి ఐదేళ్ళూ, అంటే 1760 నుంచి 1765 దాకా, డడ్లీ డిగ్స్ అనే ఆయన దగ్గర అద్దెకు తీసుకున్న ఇంట్లో నడిచింది. తరవాత వేరే ఇంటికి మారింది. డిగ్స్ ఇల్లు ప్రిన్స్ జార్జ్ వీధిలో ఉండేది. 1930లో ఆ చోట బ్రౌన్ హాల్ అనే హాస్టల్ కట్టడానికి పాత ఇంటిని పడగొట్టకుండా ఎత్తి అదే వీధిలో కొంచెం అవతలికి జరిపారు. చెక్క ఇళ్ళు కాబట్టి ఇక్కడ ఇది మామూలే. ఆ తరవాత దానికి గదులు కలిపారు, రంగులు వేశారు, విలియమ్ అండ్ మేరీ కాలేజీ వాళ్ళు ఆఫీసుగా వాడుకున్నారు. చూస్తే ఇరవయ్యో శతాబ్దపు మామూలు ఇల్లనే అనిపించేది. ఆ కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పే టెర్రీ మేయర్స్ అనే ప్రొఫెసర్ ఒక పాత జ్ఞాపకాల పుస్తకంలో, ఊళ్ళో జరిపిన ఒక పద్దెనిమిదో శతాబ్దపు ఇంటి ప్రస్తావన చదివి, ఆ తీగ లాగుతూ ఈ ఇంటిదాకా వచ్చాడు. ఆయన పురావస్తువాడు కాదు, సాహిత్యంవాడు. మా రంగంలో మంచి ఆచూకీలు చాలావాటికి ఇలాంటివాళ్ళే కారణం.

అయితే ‘ఇదే ఆ ఇల్లు అయి ఉండొచ్చు’ అనడానికీ, ‘ఇదే’ అనడానికీ మధ్య దూరం చాలా ఉంటుంది. ఆ దూరాన్ని 2020లో దూలాలు దాటించాయి. దూలంలో సన్నని డ్రిల్‌తో పెన్సిలంత పుల్లను బయటికి తీస్తారు. దాని మీద చెట్టు వలయాలు కనిపిస్తాయి. వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పు, కరవు ఏడు ఇరుకు. ఒక ప్రాంతంలోని ఒకే జాతి చెట్లన్నీ ఒకే వానకు తడుస్తాయి కాబట్టి వాటి వలయాల వరస ఒకేలా ఉంటుంది. వయసు తెలిసిన చెట్లతో కట్టిన పెద్ద వరస ఒకటి ముందే ఉంటుంది. మన పుల్ల దానిలో ఎక్కడ సరిగ్గా అతుకుతుందో చూస్తారు.

ఇందులో కిటుకంతా బెరడులో ఉంది. దూలం చెక్కేటప్పుడు వడ్రంగి బయటి చెక్క తీసేస్తే చివరి వలయాలు పోతాయి. అప్పుడు ‘ఫలానా ఏడు తరవాత ఎప్పుడో’ అని మాత్రమే చెప్పగలం. ఎక్కడో ఒక మూలన బెరడు అంచు మిగిలితే చెట్టు కొట్టిన ఏడే కాదు, కాలం కూడా తెలుస్తుంది. చివరి వలయంలో వసంతంలో వచ్చే లేత చెక్క మాత్రమే ఉంటే వసంతంలో కొట్టారని, వలయం పూర్తిగా గట్టిపడి ఉంటే చలికాలంలో కొట్టారని. డిగ్స్ ఇంటి కలప 1759 చలికాలానికీ 1760 వసంతానికీ మధ్య కొట్టినదని తేలింది. అప్పటి వడ్రంగులు కలపను ఏళ్ళ తరబడి ఆరబెట్టేవాళ్ళు కాదు, పచ్చి కర్రతోనే కట్టేసేవారు. కాబట్టి ఇల్లు 1760లో లేచింది. ఆ సెప్టెంబరులోనే బడి తెరిచారని ఉత్తరం చెబుతోంది. ఈ రెండూ ఇంత చక్కగా అతకడం మా పనిలో అరుదు. 2021లో ఈ సంగతి బయటపెట్టారు. 2023 ఫిబ్రవరిలో ఇంటిని బండి మీదకెక్కించి, పాత ఊరినే మ్యూజియంగా నిలిపిన కలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లోని ఫ్రాన్సిస్, నసావ్ వీధుల మూలకు తెచ్చారు. తరవాత చేర్చినవన్నీ తీసేసి పాత రూపానికి తీసుకొచ్చారు.

ఇప్పుడు మీరడిగిన తవ్వకం. ఇల్లు నడిచి వెళ్ళిపోయినా అది మొదట నిలబడిన నేల అక్కడే ఉంది కదా. 2012 నుంచి కాలేజీ విద్యార్థులతో బ్రౌన్ హాల్ పక్కన తవ్వారు. పింగాణీ పెంకులు, గాజు, మేకులు, బొత్తాలు, మట్టి పైపు ముక్కలు, వాటి మధ్య బలపం ముక్కలు వచ్చాయి. బ్రౌన్ హాల్‌నే ఇప్పుడు గేట్స్ హాల్ అంటున్నారు. దాన్ని బాగుచేస్తుండగా కింద పాత ఇంటి పునాదులు, సెల్లార్ బయటపడ్డాయని 2025లో ప్రకటించారు. హాస్టల్ కట్టినవాళ్ళు అడుగంతా తవ్వి పారేసి ఉంటారని చాలామంది అనుకున్నారు. అదృష్టం బాగుంది.

కానీ ఒక లెక్క వేసి చూడండి. ఇల్లు ఆ నేల మీద 1760 నుంచి 1930 దాకా, 170 ఏళ్ళు నిలబడింది. అందులో బడి ఉన్నది ఐదేళ్ళు. మిగతా 165 ఏళ్ళూ అక్కడ మనుషులు వండుకు తిన్నారు, పిల్లల్ని కన్నారు, చెత్త పారేశారు. ఆ ఐదేళ్ళలో కూడా పంతులమ్మ కాపురం బడి ఇంట్లోనే. 1930 తరవాత హాస్టల్ చెత్త. ఇన్ని చేతులు తిరిగిన మట్టిలోంచి ఒక బలపం ముక్క వస్తే ‘ఇది ఆ పిల్లలదే’ అని అనాలనిపించడం సహజం. ల్యాబ్‌లో మా మొదటి ప్రశ్న మాత్రం ‘ఏ పొరలోంచి?’ అనే ఉంటుంది.

బలపం ముక్కను చేతిలోకి తీసుకుంటే ఎలా ఉంటుందో చెబుతాను. చిటికెన వేలి సగం పొడవు, బూడిద రంగు, కడగకముందు మట్టి పట్టి పుల్లలాగే ఉంటుంది. కడిగాక ఒక కొస అరిగి ఏటవాలుగా కనిపిస్తుంది, రాయడానికి వాడారని అదే గుర్తు. రెండో కొస తాజాగా విరిగితే మన పలుగు దెబ్బే. పక్కల మీద సన్నని గీతలుంటే చేత్తో కోసి చెక్కినది, గుండ్రంగా నున్నగా ఒకే మందంలో ఉంటే చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలో కార్ఖానా నుంచి వచ్చినది. ఆ శతాబ్దంలో పలకా బలపం లేని బడి లేదు, పిల్లలున్న ఇల్లూ లేదు. అందుకే ఒంటరి బలపానికి వయసు చెప్పడం కష్టం. దానికి వయసు ఇచ్చేది చుట్టూ ఉన్నవే.

ఆ చుట్టూ ఉన్నవాటిలో నాకు బాగా ఇష్టమైనది మట్టి పైపు. పొగాకు పీల్చే తెల్లమట్టి పైపులు అప్పట్లో ఇప్పటి సిగరెట్లంత చవక. విరిగితే అక్కడికక్కడే పారేసేవారు. కాలం గడిచేకొద్దీ పైపు కాడలు పొడవయ్యాయి, లోపలి రంధ్రం సన్నబడింది. 1954లో జె.సి. హారింగ్టన్ అనే ఆయన ఇది గమనించి, రంధ్రాన్ని అంగుళంలో 64వ వంతుల్లో కొలిచి పట్టిక తయారుచేశాడు. 1720–50 మధ్య కాడల్లో 5/64 ఎక్కువ, 1750 తరవాత 4/64 ఎక్కువ. కొలవడానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు, హార్డ్‌వేర్ షాపులో దొరికే డ్రిల్ బిట్లు చాలు. వెనక వైపు నుంచి ఒక్కొక్కటీ దూర్చి ఏది బిగువుగా పడుతుందో చూడటమే. ఒక్క కాడను కొలిస్తే ఏమీ తేలదు, ఒక పొరలోని కాడలన్నీ కొలిస్తే మాట్లాడతాయి.

పింగాణీ ఇంకా నమ్మకమైనది. క్రీమ్‌వేర్ అనే మీగడ రంగు పింగాణీని ఇంగ్లండులో 1762 ప్రాంతంలో అమ్మకానికి తెచ్చారు. నీలి ఛాయ ఉన్న పెర్ల్‌వేర్ 1770ల చివర్లో వచ్చింది. ఒక పొరలో చిన్న పెర్ల్‌వేర్ పెంకు ఒక్కటి దొరికినా చాలు, ఆ పొర బడి ఆ ఇల్లు వదిలాక పడినదే. ఆ పొరలో ఎన్ని బలపాలున్నా వాటిని 1760ల పిల్లల చేతుల్లో పెట్టడానికి వీల్లేదు. పొరలో అన్నిటికన్నా కొత్త వస్తువు ఏదో, పొర దానికన్నా పాతది కాలేదు. ఎలుక బొరియలు, చెట్టు వేళ్ళు పైపొర వస్తువుల్ని కిందికి లాగుతాయి కాబట్టి అదీ చూసుకోవాలి. ఇదంతా పూర్తయ్యాకే ‘బడి బలపం’ అనే మాట రిపోర్టులోకి రావాలి. పత్రికలు అంతవరకు ఆగవు, అది వేరే సంగతి.

గుండుసూదుల గురించి కూడా చెప్పాలి. ఆడపిల్లలకు కుట్టు నేర్పారు కాబట్టి సూదులు, వేలి తొడుగులు ఎక్కువగా వస్తే బడి గుర్తు అనుకోవచ్చా? అనుకోవచ్చు, కానీ ఆ కాలంలో బట్టలకే గుండుసూదులు పెట్టుకునేవారు, ప్రతి ఇంటి పెరట్లోనూ అవి దొరుకుతాయి. పిల్లల వేలికి పట్టేంత చిన్న తొడుగు దొరికితే మాత్రం చెవులు నిక్కబొడుచుకోవాలి. పైగా ఇవి కనబడటం జల్లెడను బట్టి ఉంటుంది. మామూలుగా మేం వాడేది పావు అంగుళం జల్లెడ. గుండుసూది దానిలోంచి హాయిగా జారిపోతుంది. అలాంటిచోట మట్టిని సన్నని జాలీ మీద వేసి నీళ్ళతో కడగాలి. మట్టిలో ఏముందన్నదానితో పాటు మన జల్లెడ ఏది ఆపిందన్నది కూడా చూడాలి. ఎవరైనా ‘ఇక్కడ సూదులు దొరకలేదు, కాబట్టి కుట్టు లేదు’ అంటే ముందు జల్లెడ కొలత అడగండి.

ఇక అసలు ప్రశ్న: రాయడం నేర్పారా? ఆ రోజుల్లో చదవడం, రాయడం రెండు వేర్వేరు విద్యలు. చదవడం ముందు, అదీ చాలామందికి అక్కడితో సరి. రాయడానికి వేరే గురువు, వేరే ఫీజు ఉండేవి. నికొలస్ నియమాల్లో చదవడం ఉంది, రాయడం లేదు. లండన్ నుంచి పంపినవి కూడా వాచకాలు, ప్రార్థన పుస్తకాలు. బానిసకు రాత వస్తే ఏమవుతుందో యజమానులకు బాగా తెలుసు. యజమాని పేరుతో అనుమతి చీటీ తానే రాసుకుని ఊరు దాటేస్తాడు. 1740లోనే దక్షిణ కరొలైనా బానిసలకు రాయడం నేర్పితే జరిమానా అని చట్టం చేసింది. చదవడం మీద ఆ చట్టంలో నిషేధం లేదు. ఆ తేడా చూడండి, భయమంతా రాత మీదే.

ఈ బడిలో చదివిన ఐజక్ బీ అనే కుర్రాడు 1774లో పారిపోయాడు. వాడిని పట్టిస్తే బహుమతి అని యజమాని వర్జీనియా గెజెట్‌లో వేయించిన ప్రకటనలో, వాడికి చదవడం వచ్చు, రాయడం వచ్చో రాదో నాకు తెలియదు, కానీ చీటీ ఎవరితోనైనా రాయించుకోగలడు అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. యజమానికే సందేహం! కాగితాలు మనల్ని ఇక్కడిదాకా తెచ్చి వదిలేస్తాయి. ఇక్కడ నేల చెప్పేదానికి విలువ ఉంది. బడి నడిచిన ఐదేళ్ళకు చెందిన, తరవాత ఎవరూ కదపని పొరలోంచి వాడిన బలపం వస్తే, నియమాల్లో లేనిది గదిలో జరిగిందని అనడానికి ఆధారం దొరికినట్టే. ఆ పంతులమ్మ తనంతట తాను నేర్పిందేమో, పిల్లలే ఒకరిని చూసి ఒకరు పట్టుకున్నారేమో. అలాంటి పొర లేకుండా దొరికితే మాత్రం అది ఒక ఆశ, అంతే. నా మట్టుకు నాకు కొందరికైనా రాత వచ్చి ఉంటుందనే అనిపిస్తుంది. అనిపించడాన్ని రిపోర్టులో రాయకూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఫ్రాంక్లిన్ గురించి ఒక మాట. ఆయన 1763లో ఫిలడెల్ఫియా బ్రే బడికి వెళ్ళి చూసి, నల్లపిల్లలు గ్రహించడంలోగాని జ్ఞాపకశక్తిలోగాని తెల్లపిల్లలకు ఏమాత్రం తీసిపోరని లండన్‌కు ఉత్తరం రాశాడు. అదివరకు తన అభిప్రాయం వేరుగా ఉండేదని అందులోనే ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయన ఇంట్లోనూ బానిసలున్నారు.

నేలే స్వయంగా ‘ఇక్కడ ఫలానా పని జరిగింది’ అని చెప్పిన చోటు కూడా ఒకటుంది, పోల్చి చూడటానికి బాగుంటుంది. మసాచుసెట్స్‌లోని హార్వర్డ్‌లో 1655లో స్థానిక తెగల విద్యార్థుల కోసం ఇండియన్ కాలేజీ అని ఇటుకల కట్టడం కట్టారు. అక్కడ చదివి 1665లో పట్టా పుచ్చుకున్న వాంపనోగ్ యువకుడు కేలబ్ చీషాటోముక్. హార్వర్డ్ అచ్చుయంత్రం ఆ భవనంలోనే ఉండేది. 1663లో స్థానిక భాషలో బైబిలు అచ్చయింది దాని మీదే. 1698లో భవనం కూల్చి ఇటుకలు కూడా వేరే కట్టడానికి తీసుకుపోయారు. పైన ఏమీ మిగల్లేదు. 2009లో హార్వర్డ్ యార్డ్‌లో తవ్వితే పునాది కందకం కనిపించింది. ఆ ఆవరణలో సీసపు అచ్చు అక్షరాలు కూడా దొరికాయి. అచ్చు అక్షరం ఎవరి వంటింట్లోనూ ఉండదు, పిల్లలు ఆడుకునేదీ కాదు. ఒక్కటి దొరికినా ఇక్కడ అచ్చు పని జరిగిందని చెప్పొచ్చు. బలపానికి ఆ సుఖం లేదు.

మన వీధి బళ్ళ సంగతి ఇంకా కష్టం. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లో ఎన్ని బళ్ళున్నాయో లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు అని ఉంది. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. అందులోనే పిల్లవాడు బళ్ళో చేరగానే ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతాడని రాశాడు. ఇప్పుడు చెప్పండి, ఎవరింటి అరుగు మీదో, గుడి మండపంలోనో నడిచిన బడిలో, ఇసుకలో వేలితో దిద్దిన అక్షరానికి పురావస్తు ఆనవాలు ఏముంటుంది? తాటాకులు చెదలు తింటాయి. అరుగు మీద పంతులు లేచి వెళ్ళగానే అది మళ్ళీ మామూలు అరుగు. గంటం కొస దొరికితే దొరకాలి, అదీ కరణం గారి గంటమో పంతులు గారి గంటమో తెలియదు.

అందుకని మన దగ్గర ఇలాంటి పని అసలు చేయలేమని కాదు. అరుగు బడుల్ని వదిలేసి, సొంత కట్టడం ఉండి, కాగితాలు మిగిలిన మిషన్ బళ్ళతో మొదలుపెట్టాలి. మన పురావస్తు శాఖల చూపు సహజంగానే బౌద్ధ స్తూపాల మీద, కోటల మీద ఉంటుంది. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల పొరను పై మట్టిగా లెక్కకట్టి ఎత్తి పారబోసిన సందర్భాలు తక్కువేమీ కాదు. మీ ఊళ్ళో పాత బడి ప్రహరీ మారుస్తున్నారని తెలిస్తే మీరు చేయగలిగిన పని ఒకటుంది. పునాది గోతిలో బయటపడిన పెంకులు, బలపాలు ఏ లోతులో, ఏ మూల దొరికాయో ఫోటోలో స్కేలు పెట్టి తీసి దాచండి. వస్తువును ఇంటికి పట్టుకెళ్ళి అద్దాల బీరువాలో పెట్టుకుంటే దానికీ చెత్తబుట్టలో ముక్కకూ నాకు తేడా తెలియదు.

విలియమ్స్‌బర్గ్ వెళ్ళడం గురించి. రిచ్‌మండ్ నుంచి కారులో సుమారు గంట ప్రయాణం. చారిత్రక వీధుల్లో నడవడానికి టికెట్ అక్కర్లేదు, ఇళ్ళ లోపలికి వెళ్ళే వేళలు, టికెట్ల సంగతి బయల్దేరేముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. బ్రే స్కూల్ ఇంట్లో చిలకపచ్చ రంగు గోడలో, బొమ్మల కొలువో ఉంటుందనుకుని వెళ్ళకండి, చాలా సాదా గదులు. మొదట చూడాల్సింది కలప. కొత్తగా వేసిన చెక్క ఏది, 1760 నాటిది ఏది అని అక్కడున్నవాళ్ళను అడగండి, ఓపిగ్గా చూపిస్తారు. ఆ గదిలో ముప్ఫైమంది పిల్లలు, ఒక పంతులమ్మ ఎలా పట్టారో మీరే నిలబడి చూడండి. పేర్ల జాబితాలో ఆష్బీ అనే ఇంటిపేరు వెతకండి. మాథ్యూ ఆష్బీ అనే స్వేచ్ఛ ఉన్న నల్లజాతి వ్యక్తి బానిసలుగా ఉన్న తన భార్యాపిల్లల్ని డబ్బిచ్చి కొని, 1769లో వాళ్ళకు చట్టబద్ధంగా విడుదల ఇప్పించాడు. ఆ పిల్లలు చదివింది ఈ బళ్ళోనే.

ఇల్లు చూసి ఊరుకోకండి. ప్రిన్స్ జార్జ్, బౌండరీ వీధుల మూలన ఉన్న గేట్స్ హాల్ దగ్గరికి కూడా వెళ్ళండి, బడి మొదట నిలబడిన నేల అది. రెండింటి మధ్య నడక దూరమే. మనవలు వెంట ఉంటే ముందు గేట్స్ హాల్ దగ్గర ఆగి, తరవాత ఇంటికి వెళ్ళండి. ముందు నేల చూసి, తరవాత ఒకప్పుడు దాని మీద నిలబడిన ఇల్లు చూస్తే పిల్లలకు త్వరగా అర్థమవుతుంది, తిరుగు వరసలో వెళ్తే విసుక్కుంటారు.